బొట్టుబిళ్ళ తీసినా కనపడని కెమెరా

లైనెక్సులో వెబ్‌కామ్ పనిచెయ్యకపోతే ఏం చెయ్యాలో చెప్పమంటే నేను అరగంట ఆపకుండా చెప్పగలను. ఆఫీసులో ఎవరికి ఇలాంటి ఇబ్బంది వచ్చినా నా సీటు దగ్గరికే వస్తారు. అలాంటి నేను కొండకల్‌లో మా అన్న ఇంట్లో ఒక రాత్రంతా తల పట్టుకు కూర్చున్నాను. చివరికి కెమెరా పనిచేసింది. కానీ ఆ రాత్రి నేను చేసిన ఒక పని ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

కొండకల్ అంటే ఇప్పుడు చాలామందికి రైలు పెట్టెల ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. మేధా సంస్థ కట్టిన ఆ ఫ్యాక్టరీని 2023 జూన్‌లో ప్రారంభించారు. శంకర్‌పల్లి మండలంలోని ఊరు. ఒక పక్క మోకిల విల్లాలు, ఇంకో పక్క ఫ్యాక్టరీ షెడ్లు, మధ్యలో మా అన్నలాగా ఇంకా వ్యవసాయం చేసుకునేవాళ్ళు. అన్న బిడ్డ మొయినాబాద్ దగ్గర ఒక కాలేజీలో ఇంజనీరింగ్ చదివింది. మా ఇంటి మొత్తంలో నా తర్వాత కంప్యూటర్ ముట్టుకున్నది ఆ పిల్లే.

2024 జనవరి, సంక్రాంతి అయిపోయిన వారం. సాయంత్రం ఆరింటికి ఫోను. "కాకా, రేపు పొద్దుగాల పది గంటలకు ఇంటర్వ్యూ ఉంది. కెమెరా వస్తలేదు. నువ్వు జెర రావా?" గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. గచ్చిబౌలి నుంచి బండి మీద బయల్దేరి ఎనిమిదయ్యేసరికి అక్కడున్నాను.

ఫోన్లో చేసుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు, నేనూ అడిగాను. కుదరదట. కోడ్ రాసే తెర, మనిషి ముఖం రెండూ ఒకే మిషన్‌లోంచి కనపడాలని మెయిల్లో రాశారు. ఎందుకో మనకి తెలియంది కాదు. ఒకరి పేరు మీద ఇంకొకరు ఇంటర్వ్యూ ఇవ్వడం అనే విద్యలో మనవాళ్ళు సంపాదించిన పేరు అంతా ఇంతా కాదు కదా! పైగా 2022 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ కూడా, ఇంటి నుంచి చేసే ఉద్యోగాల ఇంటర్వ్యూలకి కొందరు డీప్‌ఫేక్ ముఖాలతో వస్తున్నారని హెచ్చరిక జారీ చేసింది. ఆ దొంగల పుణ్యమా అని, కెమెరా పనిచెయ్యని ప్రతివాడూ ఇప్పుడు అనుమానితుడే. "నా కెమెరా పాడైంది సార్" అని చెప్తే నమ్మే రోజులు పోయాయి.

నా లాప్‌టాప్ ఇవ్వొచ్చు కదా అంటారేమో. నా దగ్గరున్నది ఆఫీసుది. దాంట్లోంచి వేరే కంపెనీ ఇంటర్వ్యూ ఇప్పిస్తే ఆ పిల్లకి ఉద్యోగం వచ్చే లోపు నాది ఊడుతుంది.

ఆ పిల్ల లాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌ది. 2022 ఆగస్టులో సికింద్రాబాద్‌లో ఒక షాపులో అన్న, నేను వెళ్ళి కొన్నాం. దొంగ విండోస్ వద్దని పట్టుబట్టి ఉబుంటు 22.04 వేసిచ్చింది నేనే. నేను ఆ మతం పుచ్చుకుని చాలా ఏళ్ళయింది లెండి. 2008కి ముందు లైనెక్సులో వెబ్‌కామ్ నడిపినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ. ఒక్కో కెమెరా చిప్పుకీ ఒక్కో డ్రైవరు. ఎవరో ఒక మహానుభావుడు ఇంట్లో కూర్చుని రాసిన కోడ్ తెచ్చుకుని మనమే కంపైల్ చేసుకోవాలి. కెర్నెల్ మారితే మళ్ళీ మొదటికొచ్చేది. యుఎస్‌బి కెమెరాలన్నీ ఒకే భాష మాట్లాడాలని యూవీసీ అనే ప్రమాణం వచ్చాక, లారెంట్ పింఛార్ట్ దానికి డ్రైవరు రాశాక, అది 2008 జూలైలో 2.6.26 కెర్నెల్‌లో చేరాక, ప్రాణం కుదుటపడింది. అప్పట్నుంచి మామూలు లాప్‌టాప్ కెమెరా గురించి ఆలోచించాల్సిన అవసరమే పెద్దగా రాలేదు.

సరే, అసలు సంగతికొద్దాం.

వెళ్ళగానే మొదట కెమెరా వైపు చూశాను. దాని మీద వదినె అంటించిన ఎర్ర బొట్టుబిళ్ళ లేదు. పిల్ల తీసేసింది. (ఆ బొట్టుబిళ్ళ కథ మళ్ళీ చెప్తాను.) చీజ్ తెరిస్తే పరికరం దొరకలేదంది. ఎల్ఎస్‌యుఎస్‌బి కొట్టాను. జాబితాలో కెమెరా పేరు ఉంది. అంటే తీగ ఊడలేదు, కరెంటు అందుతోంది, యుఎస్‌బి దాన్ని గుర్తుపట్టింది. కానీ /డెవ్ లో వీడియో0 లేదు. కెమెరా వచ్చి గుమ్మంలో నిలబడింది, లోపలికి పిలిచేవాడే లేడన్నమాట. ఆ పిలిచేవాడి పేరు యూవీసీవీడియో మాడ్యూల్. ఎల్ఎస్‌మాడ్‌లో చూస్తే లేదు. లోడ్ చేద్దామని మోడ్‌ప్రోబ్ కొట్టాను. ఏ తిట్టూ రాలేదు, ప్రాంప్టు మౌనంగా తిరిగొచ్చింది.

ఇక్కడ ఆగండి. యూనిక్స్‌లో పెరిగినవాడికి మౌనం అంటే అర్థం ఏమిటి? పని జరిగిందని. తప్పయితేనే అరుస్తుంది, ఒప్పయితే నోరు మెదపదు. ఆ అలవాటే నన్ను ముంచింది. లోడ్ అయిందనుకుని, మళ్ళీ ఎల్ఎస్‌మాడ్ చూడకుండా, డీమెసేజ్‌లోకి దూరాను. అక్కడ కొత్త యుఎస్‌బి పరికరం వచ్చిందన్న లైను ఉంది కానీ తర్వాత యూవీసీ పేరుతో ఒక్క ముక్క కూడా లేదు. "ఐతే డ్రైవరు వచ్చింది, కెమెరాయే జవాబు ఇవ్వట్లేదు" అని తేల్చేశాను. తేల్చేయడమే కాదు, నోరు జారి బయటికి అనేశాను కూడా. "కెమెరా పోయినట్టుందన్నా."

అన్న ఆ మాటకే కాచుకున్నాడు. సెకండ్ హ్యాండ్ సామాను మీద ఆయనకి మొదట్నుంచీ నమ్మకం లేదు. బిల్లు వెతికి, షాపాయనకి ఫోన్ చేసి, రాత్రి తొమ్మిదింటికి ఆయన్ని పట్టుకుని ఉతికేశాడు. "చెడిపోయిన సరుకు అంటగట్టినవ్, నా బిడ్డ నౌకరి పోతే నువ్వే జిమ్మేదారి" అని. అవతల ఆయన ఏం చెప్పాడో నాకు వినపడలేదు. వారంటీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఆయన పెట్టేసినా అడిగే దిక్కు లేదు. పెట్టలేదు, పావుగంట తిట్లు తిన్నాడు.

ఈలోపు పక్కింట్లో కరోనా అప్పటి ఆన్‌లైన్ క్లాసులకి కొన్న యుఎస్‌బి వెబ్‌కామ్ ఉందంటే పిల్ల వెళ్ళి తెచ్చింది. గుచ్చాను. ఎల్ఎస్‌యుఎస్‌బిలో వచ్చింది. /డెవ్ లో రాలేదు.

రెండు కెమెరాలు ఒకే రాత్రి చచ్చిపోవు కదా! అప్పుడే నాకు అర్థం కావాల్సింది, షాపాయన తప్పు లేదని. నిజానికి అర్థమైంది. కానీ అన్నకి చెప్పలేదు, ముందు పని కానీ తర్వాత చెప్దాం అనుకున్నాను. ఆ పక్కనే ఇంకో ముద్దాయి దొరికాడు మరి. రెండు రోజుల కిందటే అప్‌డేట్ వచ్చి కెర్నెల్ 6.2 నుంచి 6.5కి మారింది. "కాకా, ఆ అప్‌డేట్ నేనే నొక్కిన" అని పిల్ల భయపడుతూ చెప్పింది. నేను గంభీరంగా తలాడించాను. గ్రబ్ మెనూలోంచి పాత కెర్నెల్‌తో లేపాను. అదే కథ. బయోస్‌లోకి వెళ్ళి చూశాను, కెమెరా ఆన్‌లోనే ఉంది. వదినె అన్నం తినమని మూడుసార్లు పిలిచింది. నాలుగోసారి పిలవకుండా చిలుకూరు బాలాజీకి మొక్కేసింది, కెమెరా వస్తే పిల్లతో నూటెనిమిది ప్రదక్షిణలు చేయిస్తానని. వీసాల దేవుడికి వెబ్‌కామ్ ఒక లెక్కా అనుకుని ఉంటుంది.

పదిన్నరకి, ఏ పని మొదట చెయ్యాలో ఆ పని చివరికి చేశాను. నా బండి తాళాలకి ఎప్పుడూ ఒక లైవ్ పెన్‌డ్రైవ్ వేలాడుతుంటుంది. దాన్నుంచి బూట్ చేసి చీజ్ పెట్టాను. తెర మీద నలుగురి ముఖాలు! పిల్ల చప్పట్లు కొట్టింది. కెమెరా బంగారంలా ఉంది, కెర్నెల్ కూడా బాగానే ఉంది. లోపం ఆ డిస్కు మీద ఉన్న మా సిస్టంలోనే ఉంది. ఎవరో, ఎక్కడో, ఏదో రాశారు.

మళ్ళీ మామూలు సిస్టంలోకి వచ్చి, ఈసారి మోడ్‌ప్రోబ్‌కి మైనస్ వీ తగిలించి, ఏం చేస్తున్నావో నోరు తెరిచి చెప్పమన్నాను. చెప్పింది. "ఇన్‌స్టాల్ /బిన్/ట్రూ".

అది చూడగానే నా వీపు మీద చల్లటి నీళ్ళు పోసినట్టయింది. తెలియనివాళ్ళ కోసం: మోడ్‌ప్రోబ్ అమరికల్లో ఒక మాడ్యూల్ పేరు పక్కన ఇన్‌స్టాల్ అని పెట్టి ఒక కమాండు రాస్తే, మాడ్యూల్ లోడ్ చెయ్యడానికి బదులు ఆ కమాండు నడుస్తుంది. /బిన్/ట్రూ అనేది ఏమీ చెయ్యకుండా "అంతా క్షేమం" అని చెప్పి వెళ్ళిపోయే ప్రోగ్రాము. మామూలుగా బ్లాక్‌లిస్ట్ అని రాస్తే దానంతటది లోడ్ అవ్వదు కానీ మనం చేత్తో చేస్తే అవుతుంది. ఇది అలా కాదు. చేత్తో చేసినా అవ్వదు, అవ్వలేదని చెప్పదు. సర్వర్లకి భద్రత పెంచే పద్ధతుల్లో ఇది పాత చిట్కా. ఇది ఇంజనీరింగ్ మొదట్లో ఉన్న పిల్లకి వచ్చే చిట్కా కాదు. షాపాయనకి అంతకన్నా రాదు.

/ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి లో చూశాను. నోక్యామ్ అని ఒక ఫైలు. తెరిస్తే రెండు లైన్లు. మొదటి లైను, 2022 ఆగస్టు తేదీ వేసి, వదినె అడిగింది కాబట్టి కెమెరా మూసేశాను అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వ్యాఖ్య. కింద నా పేరు పొట్టి అక్షరాలు.

ఇప్పుడు బొట్టుబిళ్ళ కథ. లాప్‌టాప్ కొత్తగా ఇంటికి తెచ్చిన రోజు వదినె నన్ను పక్కకి పిలిచి అడిగింది. "ఆడపిల్ల గదిల కెమెరా ఉంటది. అవతలోడు ఎవడన్న చూడొచ్చునంట, నిజమేనా?" నిజమే మరి. 2010లో అమెరికాలో పెన్సిల్వేనియాలో ఒక స్కూలు వాళ్ళు పిల్లలకిచ్చిన లాప్‌టాప్‌ల కెమెరాలతో ఇళ్ళల్లో ఫొటోలు తీశారని కేసయింది. కెమెరా వెలిగితే పక్కన దీపం వెలుగుతుంది కదా అనుకుంటాం. 2013లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు పాత మ్యాక్‌బుక్‌ల మీద ఆ దీపం వెలగకుండానే కెమెరా నడిపించి చూపించారు. 2016లో జుకర్‌బర్గ్ ఫొటోలో ఆయన లాప్‌టాప్ కెమెరాకి టేపు అంటించి ఉండటం లోకమంతా చూసింది. ఇవన్నీ వదినెకి చెప్పి, "నేను చూసుకుంటాలే" అన్నాను. చూసుకున్నాను, ఇలా. ఆమె మాత్రం నా మాట మీద పూర్తి నమ్మకం పెట్టుకోకుండా తన వంతుగా ఒక బొట్టుబిళ్ళ అంటించింది. పిల్ల వీడియో మాట్లాడాలంటే ఫోన్లో మాట్లాడుకునేది కాబట్టి ఏడాదిన్నర ఎవరికీ కెమెరా అవసరం పడలేదు. నేను శుభ్రంగా మర్చిపోయాను.

ఆ ఫైలు చూసినప్పుడు గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. పిల్ల టీ పెట్టడానికి వెళ్ళింది. అన్న వరండాలో ఉన్నాడు. పదకొండు దాటింది.

చెరిపేశాను. మోడ్‌ప్రోబ్ కొట్టాను. కెమెరా పక్కన తెల్ల దీపం వెలిగింది. పిల్లని పిలిచాను. పరిగెత్తుకొచ్చింది. అన్న వచ్చాడు, వదినె వచ్చింది. "ఏమైంది కాకా, ఏం చేసినవ్?" అని పిల్ల అడిగింది.

"కొత్త కెర్నెల్‌తో ఏదో తేడా వచ్చింది. సరి చేశాను."

ఈ వాక్యం ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. ముందుగా అనుకున్నది కూడా కాదు. లైనెక్సుని ఎవరైనా ఒక్క మాటంటే పదిహేనేళ్ళుగా కయ్యానికి దిగే నేను, నా పరువు కోసం దాని నెత్తిన నింద వేశాను. "మా తమ్మునికి రానిది లేదు" అని అన్న భుజం తట్టాడు. చల్లారిన కోడికూర మళ్ళీ వేడి చేసి పెట్టారు. తిన్నాను. షాపాయన మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మర్నాడు ఇంటర్వ్యూ జరిగింది. నేను అవతలి గదిలో కూర్చున్నాను. మొదలవ్వగానే అవతలి మనిషి, మర్యాదగానే, లాప్‌టాప్ ఎత్తి గది చుట్టూ తిప్పి చూపించమన్నాడు. బల్ల కింద కూడా. పిల్ల తిప్పింది. గోడవారగా పేర్చిన వడ్ల బస్తాలు, దండెం మీద బట్టలు, తలుపు సందులోంచి తొంగిచూస్తున్న వదినె, అన్నీ చూసి ఉంటాడు. "వాళ్ళెవరు?" అంటే "మా అమ్మ సార్" అంది. ఏ తప్పూ చెయ్యని పిల్ల, నేను దొంగని కాదు అని ఇల్లంతా తిప్పి చూపించుకోవడం గోడకి ఇవతల కూర్చుని వింటుంటే నాకు ఎలాగో అనిపించింది. రాత్రి కెమెరా వెనక అబద్ధమాడినవాణ్ణి నన్ను మాత్రం ఎవరూ ఏమీ చూపించమనలేదు.

ఆ ఉద్యోగం రాలేదు. రెండో రౌండ్ దాకా వెళ్ళి ఆగింది. అది వేరే సంగతి, ఎండాకాలంలో ఇంకో చోట వచ్చింది.

నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసింది. "కాకా, నువ్వేం చేసినవో నేర్చుకుందామని టెర్మినల్‌ల హిస్టరీ చూసిన. నోక్యామ్ అని ఏదో ఫైలు తీసేసినవ్. గా ఫైలు నా లాప్‌టాప్‌లకెట్ల వచ్చింది?"

బాష్ హిస్టరీ! అన్ని జాగ్రత్తలూ తెలిసిన ఇంజనీరుకి అది గుర్తు రాలేదు. అబద్ధం పొడిగించడానికి దారి ఉంది. షాపువాళ్ళు ముందే పెట్టి ఉంటారు అనొచ్చు. కానీ డిస్కు తుడిచి ఉబుంటు వేసింది నేనేనని ఆ పిల్లకి తెలుసు. అదీ కాక, నిజం కనుక్కోవడానికి నేను నేర్పిన దారిలోనే వచ్చి అడుగుతోంది. చెప్పేశాను.

కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ రాత్రే చెప్తే ఏమయ్యేది కాకా? నేను అప్‌డేట్ నొక్కినందుకే అయిందని నాలుగు దినాలసంది అనుకుంటున్న" అంది.

షాపాయన తిట్లు తిన్నాడని నాకు తెలుసు. పిల్ల తనని తాను తిట్టుకుంటోందని మాత్రం నాకు తట్టలేదు. కెర్నెల్ మీద నింద వేస్తే ఎవరికీ నష్టం లేదనుకున్నాను కదా. నింద గాల్లో ఉండదు, ఎవరో ఒకరి నెత్తిన దిగుతుంది.

ఆ సాయంత్రం అన్నకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు నవ్వి, తర్వాత నవ్వు ఆపి, "మరి ఆ షాపాయన?" అన్నాడు. శనివారం ఇద్దరం వెళ్ళాం. ఆయనకి ముందు మేమెవరో గుర్తు రాలేదు, గుర్తొచ్చాక కంగారుపడ్డాడు, మళ్ళీ గొడవకొచ్చామనుకుని. సంగతి చెప్తే, "మా దందాల రోజుకి నలుగురు తిడతరు సార్, మాఫీ అడగనీకి వచ్చింది మీరే" అని చాయ్ తెప్పించాడు.

ఇంతకీ నేను చెప్పొచ్చేది ఏమిటంటే. మనలో చాలామందిమి ఇళ్ళల్లో అందరి మిషన్లకీ ఆస్థాన వైద్యులం. అమ్మానాన్నల ఫోన్లు, చెల్లెలి లాప్‌టాప్, బావగారి వైఫై. వాళ్ళ మంచికే ఏదో మూస్తాం, ఏదో మారుస్తాం, మర్చిపోయి వెళ్ళిపోతాం. వాళ్ళింట్లో ఒక తలుపుకి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుని పోవడం లాంటిది ఇది. వదినె బొట్టుబిళ్ళ కూడా కెమెరాని మూసింది. కానీ అది కళ్ళకి కనపడుతుంది, ఎవరికి కావాలన్నా గోటితో తీసుకోవచ్చు. భద్రత లెక్కన చూసినా ఆమె పనే గట్టిది. సిస్టంలో చొరబడ్డవాడు నా రెండు లైన్లూ తీసెయ్యగలడు, బొట్టుబిళ్ళని పీకలేడు.

ఇక కెమెరా కనపడని వాళ్ళకి నాలుగు ముక్కలు. యుఎస్‌బి జాబితాలో ఉంటే తీగలు, బయోస్ వదిలేసి డ్రైవరు చూడండి. జాబితాలోనే లేకపోతే ముందు కెమెరా మూసే మీట, బయోస్ చూడండి. 2021 తర్వాతి కొన్ని ఇంటెల్ లాప్‌టాప్‌లలో కెమెరా యుఎస్‌బి మీద ఉండదు, ఐపీయూ6 అనే వేరే దారిలో వస్తుంది. దాని డ్రైవరు అసలు కెర్నెల్‌లోకి 2024 జూలైలో, 6.10తో చేరింది. ఏదైనా సరే, మొదటి పావుగంటలోనే లైవ్ పెన్‌డ్రైవ్‌తో చూసెయ్యండి. మోడ్‌ప్రోబ్ మౌనంగా ఉంటే నమ్మకండి, మైనస్ వీ పెట్టి అడగండి. వీటన్నిటికన్నా ముందు, ఆ మిషన్ మీద మీరే ఎప్పుడైనా చెయ్యి పెట్టారేమో గుర్తు తెచ్చుకోండి.

మొన్న ఊరికెళ్తే పిల్ల లాప్‌టాప్ మీద మళ్ళీ బొట్టుబిళ్ళ ఉంది, ఈసారి ఆకుపచ్చది. లోపల నా పేరు మీదున్న యూజర్ మాత్రం లేదు. "నీది తీసేసిన కాకా, ఏమనుకోకు" అంది.

ఏమనుకుంటాను? మంచి పని చేశావన్నాను.